ఇంటి కుక్కకి పెద్ద జబ్బు చేసినప్పుడు

ఒంగోలు అంటే గిత్త గుర్తొస్తుంది, నెల్లూరు అంటే గొర్రె. ఆ గొర్రెల్లో పల్ల, జొడిపి, దొర అని మూడు రకాలున్నాయని ఇక్కడి గొర్రెల కాపరులకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఒంగోలు జాతి పశువులైతే సముద్రాలు దాటి బ్రెజిల్ పోయి, అక్కడ నెలోర్ అన్న పేరుతో మందలు మందలుగా పెరిగాయి. పశువుల గురించి ఇంత తెలిసిన ప్రాంతంలో కూడా ఇంట్లో కుక్కకి కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిస్తే మనుషులకి కాళ్ళూ చేతులూ ఆడవు. కారణం వెతికితే దొరుకుతుంది. గేదెకి జబ్బు చేస్తే ఏం చేయాలో ఈ ఊళ్ళల్లో ఎప్పటి నుంచో ఒక లెక్క ఉంది. పాలెన్ని ఇస్తుంది, ఎన్నో ఈత, సంతలో ఎంత పలుకుతుంది, వైద్యానికి ఎంతవుతుంది, అంతే. మనిషికి జబ్బు చేస్తే ఇంకో లెక్క: అప్పో సప్పో చేసి మద్రాసు తీసుకెళ్ళడం. కుక్క ఈ రెండు లెక్కల్లో దేనికీ అందదు. పాలివ్వదు కాబట్టి మొదటిది పనికిరాదు, ఇంటి మనిషే అనుకుంటాం గానీ నలుగురి ముందు ఆ మాట అనాలంటే నోరు రాదు కాబట్టి రెండోదీ పూర్తిగా నడవదు.

అందుకే బంధువులు వచ్చినప్పుడు మొదట అడిగేది "ఎంతకి కొన్నారు?" అనే. లాబ్రడార్ పిల్లకి ఇచ్చిన డబ్బు కన్నా వైద్యానికి ఎక్కువైందంటే "ఏంది అబ్బయా, ఆ డబ్బుతో ఇంకో రెండు కుక్కలొచ్చేవి గదా" అంటారు. వాళ్ళని తిట్టుకోనక్కర్లేదు, వాళ్ళు గేదె లెక్క వేస్తున్నారు, అంతే. అసలు చిక్కు ఏంటంటే ఇంట్లోవాళ్ళు కూడా ఈ రెండు లెక్కల మధ్య ఊగుతూ, ఆపకూడని చోట ఆపేస్తారు, ఆపాల్సిన చోట పరిగెడతారు. తగ్గిపోయే జబ్బుకి మూడో రోజే చేతులెత్తేసిన ఇళ్ళూ ఉన్నాయి, ఇక తగ్గదని తెలిశాక వారానికో ఊరు తిప్పిన ఇళ్ళూ ఉన్నాయి. బాధలో చాలా భాగం జబ్బు వల్ల కాకుండా ఈ తికమక వల్లే వస్తుంది.

కాబట్టి డాక్టరు దగ్గర మొట్టమొదట అడగాల్సింది జబ్బు పేరు కూడా కాదు. ఇది తగ్గేదా, తగ్గకపోయినా మందులతో నెట్టుకురాగలిగేదా, లేక ఇక నొప్పి లేకుండా చూసుకోవడమే మిగిలిందా? ఈ ప్రశ్న నోటితో అడగాలి. అడగకపోతే చాలామంది డాక్టర్లు తమంతట తాము చెప్పరు, ఏడుపు మొహాలతో వచ్చినవాళ్ళకి ఆ మాట ఎట్లా చెప్పాలో వాళ్ళకీ తెలియదు, "చూద్దాం, మందులు వాడండి" అని పంపిస్తారు. ఆ "చూద్దాం"లోనే వారాలు గడిచిపోతాయి.

తగ్గే జబ్బులకి మంచి ఉదాహరణ టిక్ ఫీవర్. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి, ఎందుకంటే కోస్తా ఎండలకి, ఉక్కకి గోమార్లు, అంటే ఈ టిక్స్, ఏడాది పొడుగునా బతుకుతాయి, చలికాలంలో చచ్చిపోయేంత చలి ఇక్కడ పడదు. గోమారి కుట్టినప్పుడు ఎర్లీషియా అనే బ్యాక్టీరియా గానీ, బబీసియా అనే పరాన్నజీవి గానీ, ఒక్కోసారి రెండూ గానీ కుక్క రక్తంలోకి వెళ్తాయి. జ్వరం, తిండి మానేయడం, ముక్కులోంచి రక్తం, పొట్ట చర్మం మీద చిన్న చిన్న ఎర్ర మచ్చలు కనిపిస్తే ఎర్లీషియా అనుమానం. చిగుళ్ళు తెల్లబడి లేదా పచ్చబడి, మూత్రం టీ డికాషన్ రంగులో పోస్తే బబీసియా వైపు చూడాలి. ఎర్లీషియాకి డాక్సీసైక్లిన్ ఉంది, ఖరీదైన మందు కూడా కాదు, తొలిదశలో పట్టుకుంటే ఒకట్రెండు రోజుల్లోనే కుక్క లేచి గిన్నె దగ్గరికొస్తుంది. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. కోర్సు 28 రోజులు. అయిదో రోజుకే తోక ఊపుతోంది కదా అని బిళ్ళలు ఆపేస్తారు, పైగా ఆ బిళ్ళ మింగించడం ఒక యుద్ధం కాబట్టి ఆపేయడానికి సాకు కూడా దొరుకుతుంది. క్రిమి పూర్తిగా పోకుండా లోపల దాక్కుంటే నెలలు, ఒక్కోసారి ఏళ్ళు, పైకి ఏమీ తెలియదు. తర్వాత ఎముకల్లో మూలుగ దెబ్బతిని ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ ఒకేసారి పడిపోయినప్పుడు డాక్సీసైక్లిన్ కూడా పెద్దగా చేయగలిగింది ఉండదు. అంటే ఒకే జబ్బు, మొదటి నెలలో తగ్గేది, రెండేళ్ళ తర్వాత తగ్గనిది. ఇక బబీసియాకి డాక్సీసైక్లిన్ సరిపోదు, వేరే మందు కావాలి, అందుకే రక్త పరీక్ష లేకుండా "టిక్ ఫీవరే లే" అని మందులు రాసిచ్చినా తీసుకొచ్చినా సగం పనే.

ఇక్కడే బొప్పాయి ఆకు రసం సంగతి కూడా. మనుషులకి డెంగీ వచ్చినప్పుడు వాట్సాప్‌లో తిరిగిన చిట్కా ఇప్పుడు కుక్కల దగ్గరికొచ్చింది. ఆ రసం క్రిమిని చంపదు. వాంతులతో ఉన్న కుక్క నోరు పట్టుకుని సిరంజితో పోస్తే మాత్రం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంది. గోమార్లు పోవాలని కిరోసిన్ రాయడం, గేదెలకి వాడే పిడుదుల మందు అదే మోతాదులో కలిపి కుక్కకి పట్టించడం, మిరప తోటకి కొట్టే పురుగు మందు చేతికి దొరికింది కదా అని చల్లడం, ఇవన్నీ జబ్బు కన్నా ముందే ప్రాణం తీసేవి.

పార్వో అనే వైరస్ జబ్బు ఇంకోరకం. రెండు మూడు నెలల పిల్ల పొద్దున ఆడుకుంటూ ఉంటుంది, సాయంత్రానికి వాంతులు, మర్నాటికి రక్తంతో విరేచనాలు, ఆ వాసన ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు. ఈ వైరస్ 1978 ప్రాంతంలో ప్రపంచం మీద పడింది, దానికి నేరుగా పనిచేసే మందు మామూలు క్లినిక్కుల్లో ఉండదు. సెలైన్, వాంతుల మందు, యాంటీబయాటిక్‌తో ఒంట్లో నీరు పోకుండా కాపాడుకుంటూ పేగులు మళ్ళీ కోలుకునే దాకా నిలబెట్టడమే వైద్యం. వైద్యం లేకపోతే పదిలో తొమ్మిది పిల్లలు పోతాయి, సరిగ్గా అందితే పదిలో ఏడెనిమిది బతుకుతాయి. మొదటి మూడు నాలుగు రోజులు గట్టెక్కితే ఆశ బాగా పెరుగుతుంది. ఈ లెక్క తెలియక రెండో రోజు సెలైన్ పెట్టించి "ఇంకా అట్లాగే ఉంది, దాని రాత" అని ఇంటికి తెచ్చేసుకుంటారు. మూడో రోజు, నాలుగో రోజు కూడా క్లినిక్‌కి తీసుకెళ్ళడమే ఇక్కడ అసలు విషయం.

క్యాన్సర్ అన్న మాట వినగానే కుప్పకూలేవాళ్ళకి ఒక సంగతి. బయట తిరిగే కుక్కల్లో జననాంగాల దగ్గర పుట్టే టీవీటీ అనే గడ్డ ఉంది, జత కట్టినప్పుడు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే విచిత్రమైన క్యాన్సర్. చూడ్డానికి భయంకరంగా, రక్తం కారుతూ ఉంటుంది. వారానికో విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు ఇస్తే చాలావరకు పూర్తిగా పోతుంది. అదే లింఫోమా అయితే, మెడ కింద, మోకాళ్ళ వెనక గడ్డలు కట్టే క్యాన్సర్, వైద్యం లేకుంటే నెలా నెలన్నర, కీమో ఇప్పిస్తే ఏడాది దాకా లాగొచ్చు, అంతేగానీ నయమైందనడం అరుదు. రెంటికీ పేరు క్యాన్సరే. పేరు విని నిర్ణయం తీసుకుంటే ఎంత తప్పు జరుగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

నెట్టుకురాగలిగే జబ్బుల్లో మన ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించేవి ముసలి కుక్కల కిడ్నీ, గుండె. కిడ్నీ విషయంలో ఇంట్లోవాళ్ళని తినేసేది "ముందే చూసుకోవాల్సింది" అన్న మాట. కానీ కిడ్నీలో మూడింట రెండు వంతులు పోయేదాకా బయటికి లక్షణం కనిపించదు. నీళ్ళు ఎక్కువ తాగడం, మూత్రం ఎక్కువ పోయడం మొదట్లో కనిపిస్తే "ఎండలకి తాగుతోందిలే" అనుకుంటారు, నెల్లూరు ఎండల్లో అట్లా అనుకోవడం తప్పేమీ కాదు. కిడ్నీలు వడకట్టాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగి, నోరు వాసన కొట్టి, తిండి మానేసే నాటికి దారి చాలా దూరం వచ్చేసి ఉంటుంది. ఇది నిర్లక్ష్యం కాదు, కిడ్నీ స్వభావమే అంత. మరి పార్వోలో మాత్రం అట్లా ఓదార్చడానికి వీల్లేదు, ఆ పిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మొదలుపెట్టి పదహారో వారం దాకా మూడు నాలుగు వారాలకోసారి టీకా వేయించి ఉంటే చాలావరకు రాకపోయేది. ఒక్క డోసు వేయించి "టీకా అయిపోయింది" అని అమ్మేవాళ్ళ మాట నమ్మినవాళ్ళ తప్పు ఎంత, అమ్మినవాళ్ళ తప్పు ఎంత అన్నది వేరే గొడవ.

గుండె జబ్బున్న కుక్కకి ఇంట్లోనే చేయగలిగిన ఒక పరీక్ష ఉంది, దీనికి యంత్రం అక్కర్లేదు. గాఢంగా నిద్రపోతున్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు లేచి పడుతోందో నిమిషం పాటు లెక్కపెట్టాలి. 30 లోపు ఉంటే ఫర్వాలేదు. రోజూ 20 వచ్చేది కాస్తా 35, 40 అయ్యి, అట్లాగే ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో చూడాలి, తెల్లారేదాకా ఆగకుండా డాక్టరుకి ఫోన్ చేయాలి. ఈ అంకెల్ని పాల లెక్క రాసే గోడ క్యాలెండరు మీదే రాసుకోవచ్చు. దీనివల్ల ఇంకో లాభం, అర్ధరాత్రి లేచి ఊరికే కుక్క మొహంలోకి చూస్తూ టెన్షన్ పడే బదులు చేతికి ఒక పని దొరుకుతుంది.

పెద్ద ఊరు తీసుకెళ్ళడం ఎప్పుడు? నెల్లూరు నుంచి తిరుపతి పశువైద్య కళాశాల 130 కిలోమీటర్ల పైచిలుకు, చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ సుమారు 175. 1903లో మొదలైన కాలేజీ అది, నెల్లూరోళ్ళకి మనుషుల వైద్యానికి మద్రాసు ఎంత అలవాటో కుక్కల వైద్యానికీ అట్లాగే అలవాటవుతోంది. ఒంగోలు నుంచైతే గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దగ్గర. మార్కాపురం వైపు వాళ్ళకి ఒంగోలు రావడానికే సుమారు 100 కిలోమీటర్లు. ఊళ్ళల్లో పశువుల ఆసుపత్రులు ఉన్నాయి, 1962కి ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనాలు కూడా ఉన్నాయి, కానీ ఆ ఏర్పాటంతా ప్రధానంగా పాడి పశువుల కోసం, గొర్రెలు మేకల కోసం పుట్టింది. గేదె ఈనలేక అవస్థ పడుతుంటే రాత్రిపూట బురదలో నిలబడి దూడని బయటికి తీసే డాక్టరే డాబర్‌మ్యాన్ గుండె స్కానింగ్ కూడా చేసిపెట్టాలని ఆశించడం అన్యాయం.

స్కానింగ్ కోసమో, ఆపరేషన్ కోసమో, జబ్బేంటో తేలక పోయినప్పుడో ప్రయాణం పెట్టుకోవడంలో అర్థం ఉంది. తేలిపోయిన జబ్బుకి "ఇంకో డాక్టరు ఇంకో మాట చెబుతాడేమో" అని మూడోసారి, నాలుగోసారి హైవే ఎక్కడం మాత్రం మన మనసు కోసం. ఆయాసంతో ఉన్న కుక్కకి మే నెలలో నాలుగు గంటల కారు ప్రయాణం అంటే చిన్న సంగతి కాదు. తప్పనిసరైతే తెల్లవారుజామున బయల్దేరాలి. చాలా పరీక్షలకి కుక్క పోనక్కర్లేదు, రక్తం శాంపిల్ పంపితే చాలు. అయితే మనుషుల ల్యాబ్‌లో చేయించిన రిపోర్టు మీద అచ్చయిన నార్మల్ రేంజ్ మనిషిది, కుక్కది వేరు. ఎర్ర రంగులో వచ్చిన అంకె చూసి ఇంట్లోనే గుండెలు బాదుకోవద్దు. మెషీన్ ఇచ్చిన ప్లేట్‌లెట్ల లెక్క కూడా కుక్క రక్తంతో తప్పొచ్చు, గాజు పలక మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూసినదాన్నే నమ్మాలి.

స్టెరాయిడ్ గురించి ఒక మాట. మూడు రోజులుగా లేవని కుక్క ఇంజెక్షన్ పడిన రాత్రికే లేచి అన్నం తిని గేటు దాకా నడిచిందంటే ఇంట్లో పండగే. అది మందు మహిమ కావచ్చు, జబ్బు తగ్గినట్టు మాత్రం కాదు. ఆకలి పెంచడం, వాపు తగ్గించడం స్టెరాయిడ్ గుణం. లింఫోమా లాంటి వాటిలో పరీక్షకి ముందే స్టెరాయిడ్ పడితే గడ్డలు తాత్కాలికంగా కరిగి రోగం దాక్కుంటుంది కూడా. ఏం ఇచ్చారో అడిగి రాసి పెట్టుకోవాలి, రేపు ఇంకో డాక్టరు అడిగితే "ఏదో తెల్ల ఇంజెక్షన్ సార్" అంటే లాభం లేదు.

ఇక ఇంట్లో నడిచే వైద్యం. ఇక్కడ కుక్కల్లో సగం పెరుగన్నం మీద పెరిగినవే, దాన్ని తిట్టే ఫ్యాషన్ ఒకటి వచ్చింది గానీ వాంతులు ఆగాక మొదట పెట్టడానికి మెత్తటి అన్నం, తోలు తీసిన ఉడికించిన కోడి మాంసం కన్నా సులువైనది లేదు. ప్రమాదం చేపల పులుసు ఊడ్చిన గిన్నెతో. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్త కణాల్ని పగలగొడతాయి, రక్తం తక్కువై పడి ఉన్నదానికి రుచి తగిలితే తింటుందని పులుసన్నం పెట్టడం ప్రేమతో చేసే హాని. కావలి, కొత్తపట్నం లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళల్లో ఎండు చేపలు పెట్టడం అలవాటు, గుండె జబ్బున్న కుక్కకి ఆ ఉప్పు విషంతో సమానం. మనుషుల నొప్పి మాత్రలు అసలు వద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుళ్ళు పెట్టి కిడ్నీల్ని దెబ్బతీస్తాయి, పారాసిటమాల్ మోతాదు మించితే లివర్ పోతుంది. డైక్లోఫెనాక్‌ని పశువులకి వాడటం మన దేశంలో 2006లోనే ఆపేశారు, అది రాబందుల కోసం. కుక్కకి వేయకూడదనడానికి కారణం వేరు, అయినా మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు.

రెండు జబ్బుల్లో మన ప్రాణం కూడా చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, 2021 నవంబరు పెన్నా వరదలప్పుడు నెల్లూరులో ఇళ్ళల్లోకి వచ్చినట్టు నీళ్ళు వస్తే ఎలుకల మూత్రం కలిసిన ఆ నీళ్ళతో లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా కుక్కకి పట్టొచ్చు, కుక్క మూత్రం ద్వారా మనిషికీ పట్టొచ్చు. కామెర్లతో, మూత్రం తగ్గిపోయి ఉన్న కుక్క కింద శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోవాలి. రెండోది రేబిస్. సాధువైన కుక్క ఉన్నట్టుండి మారిపోయి, దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ, మింగలేకపోతుంటే "గొంతులో ఎముక ఇరుక్కుందేమో" అని చెయ్యి పెట్టకూడదు. అది రేబిసే అయితే దానికి వైద్యం లేదు, దాని చొంగ తగిలిన ప్రతి ఒక్కరూ ఆ రోజే టీకా మొదలుపెట్టుకోవాలి.

నెలల తరబడి సాగే జబ్బులో ఇంట్లో అలిసిపోయేది ఒక్కరే. కుక్కని తెచ్చింది కొడుకు, ఫొటోలు పెట్టేది కూతురు, అర్ధరాత్రి మూత్రం గుడ్డ మార్చేది అమ్మ. 2017లో అమెరికాలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన మేరీ బెత్ స్పిట్జ్‌నేగెల్ బృందం జబ్బు కుక్కలు, పిల్లులు ఉన్నవాళ్ళని, ఆరోగ్యంగా ఉన్నవి పెంచుకునేవాళ్ళని పోల్చి చూసింది. మంచాన పడ్డ మనుషులకి సేవ చేసేవాళ్ళని ఏ ప్రశ్నలతో అంచనా వేస్తారో వాటినే ఇక్కడికి తగ్గట్టు మార్చి అడిగారు. జబ్బు జంతువున్న ఇళ్ళల్లో భారం, ఒత్తిడి, దిగులు, ఆందోళన ఎక్కువగా కనిపించాయి. ఈ ఫలితం చూసి ఆశ్చర్యపోయేది ఎప్పుడూ ఆ గుడ్డ మార్చనివాళ్ళే. విసుగొచ్చి "ఇది ఎప్పుడు పోతుందో" అని ఒక్క క్షణం అనుకుని, ఆ వెంటనే తనని తాను అసహ్యించుకోవడం ఈ ఇళ్ళల్లో మామూలు. నిద్ర లేని మనిషికి వచ్చే ఆలోచన అది, దాన్ని తవ్వి పాపపుణ్యాల లెక్కలోకి తేనక్కర్లేదు. రాత్రి డ్యూటీ వంతులవారీగా వేసుకుంటే అది సగం తగ్గుతుంది.

డబ్బు మాట కూడా మొహమాటం లేకుండా ముందే మాట్లాడుకోవాలి. ఇంతవరకు పెట్టగలం, ఆ పైన పిల్లల ఫీజుల్లోంచి తీయలేం అని ఇంట్లో ఒక అంకె అనుకుని, దాన్ని డాక్టరుకి చెబితే ఆయన ఆ డబ్బులో ఏ పరీక్ష ముఖ్యమో, ఏది మానేయొచ్చో చెబుతాడు. చెప్పకపోతే అన్నీ రాస్తాడు. బంగారం తాకట్టు పెట్టడం ఒకరి ఇష్టం, పెట్టకపోవడం ప్రేమ లేకపోవడం కాదు. ఖర్చుకి భయపడి టిక్ ఫీవర్ పరీక్ష మానేసి, ఆ తర్వాత అంతకు పదింతలు పెట్టి మద్రాసు పరిగెత్తడమే అసలు దుబారా.

ఇంక తగ్గదని తేలిన రోజు నుంచి వేరే లెక్క మొదలవుతుంది. ఎలిస్ విల్లలోబోస్ అనే అమెరికన్ పశువైద్యురాలు 2004లో ఒక కొలత తయారుచేసింది, అది ఇక్కడ బాగా పనికొస్తుంది. నొప్పి (ఊపిరి కష్టం కూడా ఇందులోనే), ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది. ఈ ఏడింటికీ పదేసి మార్కులు, మొత్తం 70, 35 దాటితే ఇంకా బతుకు బాగానే ఉన్నట్టు. ఇంట్లో ఇద్దరు విడివిడిగా మార్కులు వేస్తే ఇంకా మంచిది, రోజంతా పక్కనుండే మనిషికీ సాయంత్రం వచ్చి ముద్దు చేసే మనిషికీ మార్కుల్లో ఎంత తేడా వస్తుందో చూస్తే చాలా వాదనలు అక్కడికక్కడే తేలిపోతాయి. కుక్క నొప్పిని అరిచి చెప్పదని గుర్తుంచుకోవాలి. రాత్రిళ్ళు ఊరికే రొప్పడం, ఒకచోట పడుకోలేక లేచి లేచి తిరగడం, ఒకే చోట నాకడం, బండి చప్పుడు వినిపించినా గేటు దగ్గరికి రాకపోవడం, ఇవీ దాని అరుపులు. రోహిణి కార్తెలో కరెంటు పోయిన మధ్యాహ్నం ఈ మార్కులు ఎంతకి పడతాయో ప్రత్యేకంగా చూడాలి.

ఇంజెక్షన్ ఇప్పించడం, అంటే బాధ లేకుండా ప్రాణం పోయేట్టు చేయించడం, అన్న మాట ఇక్కడ ఇంకా గుసగుసగానే వస్తుంది. పాపం తగులుతుందని, కాలభైరవుడి వాహనమని వెనకాడతారు, కొందరు డాక్టర్లు కూడా "మా చేతుల మీదుగా వద్దమ్మా" అంటారు. మొదట మత్తు ఇచ్చి నిద్రపుచ్చుతారు, ఆ తర్వాత మోతాదు మించిన మత్తుమందు నరంలోకి ఇస్తే నిమిషాల్లో గుండె ఆగిపోతుంది. కళ్ళు మూసుకోవు, మూత్రం పడొచ్చు, ఆగిపోయాక కూడా ఒకట్రెండు పెద్ద ఊపిరులు తీసినట్టు కనిపించొచ్చు. ఇవి ముందే తెలిస్తే "ఇంకా ప్రాణం ఉందేమో" అని తర్వాత ఏళ్ళ తరబడి పీక్కోవాల్సిన పని ఉండదు. వారాల తరబడి ఊపిరి అందక రొప్పే జీవాన్ని "దానంతట అదే పోవాలి" అని చూస్తూ కూర్చోవడంలో దయ ఎవరి మీదో ఆలోచించాల్సిందే. అలాగే ఊరెళ్ళాలి, చూసుకోవడానికి మనిషి లేడు, పార్వోకి అయిదు రోజులు తిరగలేం అని అదే ఇంజెక్షన్ అడిగేవాళ్ళూ ఉన్నారు. తగ్గే జబ్బా, తగ్గనిదా అన్న ప్రశ్న ముందే అడిగి ఉంటే ఈ రెండు పనుల్లోనూ తప్పు జరగదు.

రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువులో ఆరోగ్యం కోరుకుని ఆరోగ్య రొట్టె పట్టుకునేవాళ్ళలో మనసులో కుక్క పేరు అనుకునేవాళ్ళు ఎందరుంటారో గానీ, ఆ మాట పైకి చెప్పేవాళ్ళు తక్కువే. కుక్క పోయాక కూడా అంతే. మనిషి పోతే పలకరింపులు ఉంటాయి, పదకొండో రోజు ఉంటుంది, ఆఫీసులో సెలవు ఉంటుంది. పన్నెండేళ్ళు గుమ్మం దగ్గర పడుకున్న కుక్క పోతే మర్నాడు మామూలుగా డ్యూటీకెళ్ళాలి. నలుగురూ గుర్తించని ఇలాంటి దుఃఖానికి కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1980లలోనే ప్రత్యేకంగా పేరు పెట్టి వివరించాడు. గుర్తింపు లేని దుఃఖం ఎక్కువ కాలం లాగుతుందని అనుభవం మీద చాలామందికి తెలుసు. చిన్నపిల్లలకైతే "మామయ్య వాళ్ళ తోటకి పంపించాం" అని చెప్పడం మన అలవాటు. వాళ్ళు ఆ తోటకి తీసుకెళ్ళమని అడుగుతూనే ఉంటారు, ఒకరోజు పక్కింటి పిల్లాడు అసలు సంగతి చెప్పేస్తాడు. చచ్చిపోయిందని చెప్పి, పాతిపెట్టేటప్పుడు పక్కన నిలబడనిచ్చి, గుప్పెడు మట్టి వేయనిస్తే ఆ ఏడుపు కొన్నాళ్ళలో తీరుతుంది.

సొంత స్థలం ఉంటే వీధి కుక్కలు తవ్వలేనంత లోతు, నాలుగడుగులకి తక్కువ కాకుండా గొయ్యి తీయాలి, బావికీ బోరుకీ దూరంగా. అపార్ట్‌మెంట్ వాళ్ళకి ఊళ్ళో ఎవరి పొలమో అడుక్కోవడమే దారి, ఈ ఏర్పాటు జబ్బు ముదిరినప్పుడే మాట్లాడి ఉంచుకోకపోతే వానలో శవాన్ని పెట్టుకుని ఫోన్లు చేయాల్సొస్తుంది.

వారం తిరక్కుండానే ఎవరో ఒకరు ఇంకో పిల్లని తెచ్చి చేతిలో పెడతామంటారు. మనసు సంగతి అటుంచి, పోయింది పార్వోతో అయితే ఆ వైరస్ పెరట్లో నెలల తరబడి, నీడ తగిలే మట్టిలో ఏడాది దాకా కూడా బతికి ఉంటుంది. గచ్చుని బ్లీచింగ్ నీళ్ళతో కడగొచ్చు గానీ మట్టిని కడగలేం, అందుకే టీకాలన్నీ పూర్తయిన పెద్ద కుక్కనైతే తెచ్చుకోవచ్చు, చిన్న పిల్లని ఆ ఇంట్లోకి తేకూడదు. టిక్ ఫీవర్ ఇల్లయితే గోమార్లు కుక్కతో పాటు పోలేదు, గోడ పగుళ్ళలోనూ, అది పడుకున్న నులక మంచం అల్లికలోనూ గుడ్లు పెట్టుకుని వేలల్లో ఉంటాయి. ముందు ఆ మంచం సంగతి చూడాలి.